రైలు వదిలిన దారిలో సైకిల్ సవారీ

ఆవిరి ఇంజిన్‌కు ఎత్తు ఎక్కడం చేతకాదు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం కదా, వంద మీటర్లు ముందుకెళ్లే సరికి రెండు మూడు మీటర్లకు మించి పైకి లేవాల్సి వస్తే చక్రం జారుతుంది, బండి మొరాయిస్తుంది. అందుకే స్పెయిన్ కొండల్లో రైలు మార్గాలు వేసిన ఇంజినీర్లు గుట్ట అడ్డొస్తే సొరంగం తవ్వారు, లోయ అడ్డొస్తే వంతెన కట్టారు, రెండూ కుదరని చోట కొండ నడుము చుట్టూ దారిని మెల్లగా తిప్పుకొచ్చారు. ఆ రైళ్లు చాలా వరకు ఇప్పుడు లేవు. పట్టాలు పీకేశారు, స్లీపర్లు ఎటో పోయాయి. వాళ్లు అంత కష్టపడి సాధించిన ఆ వాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు దాని మీద సైకిళ్లు నడుస్తున్నాయి.

వీటిని అక్కడ ‘వియాస్ వెర్దెస్’ అంటారు, పచ్చదారులన్న మాట. కార్లు, లారీలు, మోటార్ సైకిళ్లు వీటి మీదికి రాకూడదు. పొలానికి వెళ్లే రైతు ట్రాక్టర్ ఒకటి అక్కడక్కడా ఎదురుకావచ్చు, అంతే. హారన్ చప్పుడు లేకుండా, వెనక ఏ బండి వస్తోందోనన్న భయం లేకుండా రోజంతా తొక్కుకుంటూ పల్లెలు, తోటలు, లోయలు దాటుకుంటూ పోవచ్చు. ఎత్తులెక్కే కండబలం లేనివాళ్లు, పదేళ్ల పిల్లలు, అరవై దాటిన అమ్మమ్మలు, చాలాచోట్ల చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు కూడా ఈ దారుల్లో కనిపిస్తారు. మాడ్రిడ్ నగరమే సముద్ర మట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున కూర్చున్న కొండల దేశంలో ఇది సాధ్యమైందంటే ఆ పుణ్యమంతా పాత రైలుదే.

ముందు లెక్క తీశారు

స్పెయిన్‌లో రైళ్లు ఒక్కసారిగా మూతపడలేదు. గనులు ఖాళీ అయినప్పుడు గనుల రైళ్లు ఆగాయి. బస్సులు, లారీలు వచ్చాక నారోగేజ్ బండ్లు నష్టాల్లో పడ్డాయి. చివరికి 1985 జనవరి 1న ఒకేసారి 900 కిలోమీటర్లకు పైగా మార్గాల్లో రాకపోకలు పూర్తిగా నిలిపేశారు. స్టేషన్లకు తాళాలు పడ్డాయి, పైకప్పులు కూలాయి, సొరంగాల్లో గబ్బిలాలు చేరాయి, కట్టల మీద ముళ్లపొదలు మొలిచాయి.

1993లో ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. మూతపడిన మార్గాలన్నింటినీ లెక్కపెట్టించింది. 7,600 కిలోమీటర్లకు పైగా దారి, 954 స్టేషన్లు, 501 సొరంగాలు, 1,070 వంతెనలు ఊరికే పడి ఉన్నాయని తేలింది. ఆ పత్రం చేతికొచ్చాకే పచ్చదారుల పథకం మొదలైంది. స్పెయిన్ రైల్వేల ఫౌండేషన్ దాన్ని సమన్వయం చేస్తోంది. భూమి చాలా వరకు రైల్వే సంస్థదే. మున్సిపాలిటీలు, జిల్లా పాలకవర్గాలు దాన్ని లీజుకు తీసుకుని దారి చదును చేసి, సొరంగాల్లో దీపాలు పెట్టి, వంతెనలకు రెయిలింగులు బిగించి నిర్వహిస్తున్నాయి. ఇప్పుడు 3,000 కిలోమీటర్లు దాటిన పచ్చదారులు దేశమంతా ఉన్నాయి.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఒక్కటే. భూమిని అమ్ముకోలేదు. రైలు కట్ట పది మీటర్ల వెడల్పుతో వందల కిలోమీటర్లు సాగే సన్నని పట్టీ. మధ్యలో ఒక్క ముక్క ఎవరో కొనుక్కుని కంచె వేసుకున్నా దారి తెగిపోతుంది, తెగిన దారిని మళ్లీ అతికించడం ఎవరి తరమూ కాదు. ఉమ్మడి ఆస్తిగా ఉంచారు కాబట్టే ఈ రోజు దాని మీద ఎవరైనా, ఏ దేశం వాళ్లయినా, పైసా కట్టకుండా తిరగగలుగుతున్నారు.

ఒక్క రైలైనా రాని దారి

దక్షిణాన ఆండలూసియాలో, కాదిస్ కొండల్లో, ప్వెర్తో సెర్రానో నుంచి ఒల్వేరా వరకు 36 కిలోమీటర్ల దారి ఉంది. పేరు వియా వెర్దె దె లా సియెర్రా, అంటే కొండల పచ్చదారి. స్పెయిన్‌లో సైకిల్ తొక్కడానికి ఒకే ఒక్క దారి చూపించమంటే నేను దీన్నే చూపిస్తాను.

దీని కథ కొంచెం బాధగా ఉంటుంది. 1920లలో ప్రిమో దె రివేరా నియంతృత్వం నడుస్తున్న రోజుల్లో, హెరెస్ నుంచి అల్మర్హెన్ వరకు ఈ వెనకబడ్డ కొండ పల్లెలను కలుపుతూ రైలు వేస్తామన్నారు. చుట్టుపక్కల ఊళ్ల కూలీలు వందల మంది కొండలు తొలిచారు. సొరంగాలు తయారయ్యాయి, వంతెనలు లేచాయి, స్టేషన్ భవనాలు కూడా కట్టేశారు. అంతలో డబ్బు కరువైంది, ఆపైన అంతర్యుద్ధం వచ్చింది, పని ఆగింది. ఈ కొండల్లో ఒక్క రైలు కూడా నడవలేదు. టికెట్ కౌంటర్లున్న స్టేషన్లు దశాబ్దాల పాటు ప్రయాణికుడి ముఖం చూడకుండానే పాడుబడ్డాయి.

ఇప్పుడు ఆ 36 కిలోమీటర్లలో 30 సొరంగాలు, 4 పెద్ద వంతెనలు దాటుకుంటూ సైకిళ్లు వెళ్తాయి. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలోంచి సొరంగంలోకి దూరగానే చెమట ఒక్క క్షణంలో చల్లబడుతుంది. కళ్లకు ఏమీ ఆనదు. మనిషి అలికిడి కనిపెట్టి వెలిగే దీపాలు కొన్ని సొరంగాల్లో ఉన్నాయి, అన్నిటా లేవు. గోడల మీద కూలీల ఉలి దెబ్బల గాట్లు అలాగే ఉంటాయి. రాతి పగుళ్లలోంచి నీటి బొట్లు మెడ మీద పడతాయి. పొడవైన సొరంగం దాదాపు కిలోమీటరు. అవతలి చివర చిన్న నాణెమంత కనిపించే వెలుగు పెరిగి పెరిగి ఒక్కసారి లోయంతా ముందు పరుచుకుంటుంది.

సగం దారి దాటాక సాఫ్రామగోన్ కొండ వస్తుంది. నిట్టనిలువు సున్నపురాతి గుట్ట. దాని పగుళ్లలో నూటికి పైగా జతల రాబందులు గూళ్లు పెడతాయి. రెక్క విప్పితే రెండున్నర మీటర్ల పక్షి, రెక్క ఆడించకుండా వేడిగాలి మీద తేలుతూ తల మీదుగా వెళ్తుంటే దాని నీడ రోడ్డు మీద మన ముందే జారిపోతుంది. పక్కనే ఉన్న పాత స్టేషన్‌ను రాబందుల విజ్ఞాన కేంద్రంగా మార్చారు. కొండ మీద పెట్టిన కెమెరా గూళ్లలోని పిల్లల్ని అక్కడి తెర మీద చూపిస్తుంది.

తెలుగువాళ్లకు ఈ దృశ్యం వట్టి వినోదం కాదు. మన ఊరి చివర చచ్చిన గొడ్డు మీద వాలే రాబందులను చూసిన తరం ఇంకా ఉంది. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు వాటి ప్రాణాలు తీసింది. 2006లో మన దేశం ఆ మందును పశువైద్యంలో నిషేధించే నాటికే ఆకాశం ఖాళీ అయిపోయింది. ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద కొన్ని మిగిలి ఉన్నాయన్న వార్త పదేళ్ల కిందట ఎంత సంబరం కలిగించిందో గుర్తుందా! యూరప్ రాబందుల్లో అత్యధిక భాగం బతుకుతున్నది స్పెయిన్‌లోనే. అలాంటి స్పెయిన్ అదే మందును 2013లో పశువులకు వాడేందుకు అనుమతించింది. మన అనుభవం చూసి కూడా వాళ్లు ఎందుకు నేర్చుకోలేదో అర్థం కాదు. ఆ అనుమతి తప్పు. సాఫ్రామగోన్ కింద నిలబడి పైకి చూసినవాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది.

కోరీపే ఊరి దగ్గర దారికి కాస్త పక్కన ‘చపార్రో దె లా వేగా’ అనే మహావృక్షం ఉంది. ఓక్ జాతి చెట్టు, కొన్ని వందల ఏళ్ల నాటిది. దాని కింద చాప పరిచి ఓ గంట పడుకోవచ్చు, తప్పకుండా పడుకోవాలి. చివర ఒల్వేరా స్టేషన్ ఇప్పుడు హోటల్. పైన కొండ మీద అరబ్బుల నాటి కోట, చర్చి, చుట్టూ సున్నం వేసిన తెల్లటి ఇళ్లు. దారి మొత్తంలో అసలైన ఎత్తు స్టేషన్ నుంచి ఊళ్లోకి ఎక్కేటప్పుడే తగులుతుంది.

ఇనుప ఖనిజం వెంబడి సముద్రం దాకా

పొడవైన యాత్ర కావాలంటే తూర్పుకు పోవాలి. తెరూయెల్ జిల్లాలోని ఓహోస్ నెగ్రోస్ గనుల నుంచి వలెన్సియా తీరాన ఉన్న సగుంతో వైపు సాగే పచ్చదారి 160 కిలోమీటర్లకు పైనే. స్పెయిన్‌లోని అతి పొడవైన పచ్చదారుల్లో ఇదొకటి.

బిల్బావో నుంచి వచ్చిన వ్యాపారి రామోన్ దె లా సోతా, ఆయన భాగస్వామి అస్నార్ 1900లో సియెర్రా మెనేరా గనుల కంపెనీ పెట్టారు. ఇనుప ఖనిజం ఉంది, దాన్ని ఓడరేవుకు చేర్చాలి. పక్కనే ఒక రైలు కంపెనీ లైను ఉంది. కిరాయి దగ్గర బేరం తెగలేదు. దాంతో సోతా మొండిపట్టు పట్టి, ఉన్న లైను పక్కనే 200 కిలోమీటర్లకు పైగా సొంత రైలు వేసుకున్నాడు. 1907లో ఖనిజం కదిలింది. మ్యాపు మీద చూస్తే ఈ రెండు లైన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ, కొన్నిచోట్ల రాయి విసిరితే తగిలేంత దూరంలో, కొండలు దిగుతాయి. రెండు కంపెనీల పంతం వల్ల పుట్టిన ఆ రెండో లైను 1972లో మూతపడింది. నూరేళ్ల నాటి ఆ పంతం ఈ రోజు సైకిల్ వాళ్లకు వరమైంది. ఒక లైనులో రైలు, పక్క లైనులో సైకిల్!

తెరూయెల్ 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఇటుకల మీద ఆకుపచ్చ, తెలుపు పింగాణీ పలకలు పొదిగిన ముదేహార్ గోపురాలకు ప్రసిద్ధి. ముస్లిం పనివాళ్లు క్రైస్తవ చర్చిలకు కట్టిన గోపురాలవి. 1937-38 చలికాలంలో ఇదే ఊరి కోసం అంతర్యుద్ధంలో భయంకరమైన పోరు జరిగింది. గడ్డకట్టించే చలిలో తుపాకీ గుళ్లకు పోయినవాళ్లతో పాటు చలికి పోయిన సైనికులూ ఎందరో. ఊరు దాటి ఎస్కాందోన్ కనుమ వరకు దారి మెల్లగా 1,200 మీటర్లకు ఎక్కుతుంది. అక్కడి నుంచి సముద్రం దాకా దాదాపు అంతా దిగుడే. సర్రియోన్ చుట్టూ ఓక్ తోటలున్నాయి. వాటి వేళ్ల దగ్గర నేలలో ఊరే నల్ల ట్రఫుల్ పుట్టగొడుగులకు ప్రపంచంలోనే పెద్ద కేంద్రం ఈ చిన్న ఊరు. చలికాలంలో కుక్కల చేత వాసన పట్టించి తవ్వుతారు. ఇంకా దిగితే బాదం చెట్లు, ఆ తర్వాత నవాహాస్ జలపాతం, సెగోర్బే, చివరికి నారింజ తోటలు. పైన చలికోటు, కింద పొట్టిచేతుల చొక్కా. ఒకే దారిలో రెండు రుతువులు.

సగుంతో రేవులో ఉక్కు కర్మాగారం 1984లో మూతపడింది. కార్మికులు చాలాకాలం పోరాడారు, గెలవలేదు. ఆ కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేస్ ఒక్కదాన్ని పడగొట్టకుండా నిలిపి స్మారకంగా ఉంచారు. విశాఖ ఉక్కు గురించి మన దగ్గర జరుగుతున్న మథనం తెలిసినవాళ్లు ఆ ఎత్తయిన పొయ్యి ముందు కాసేపు ఆగకుండా ఉండలేరు.

నూనె వాసన వచ్చే దారి

హయేన్ నుంచి ప్వెంతె హెనిల్ వరకు 128 కిలోమీటర్ల దారి పేరు వియా వెర్దె దెల్ అసెయితె, నూనె దారి. పందొమ్మిదో శతాబ్దం చివర వేసిన ఈ లైను మీద ఆలివ్ నూనె పీపాలు రేవులకు వెళ్లేవి. హయేన్ జిల్లాలో ఆరు కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయి. చెట్టు తర్వాత చెట్టు, వరస తర్వాత వరస, కొండ అంచు దాకా, ఆ కొండ దాటితే ఇంకో కొండ అంచు దాకా. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోట ఎంతకీ తరగనట్టే ఇక్కడ ఆలివ్.

నవంబరు, డిసెంబరు నెలల్లో వెళ్తే కోత చూడొచ్చు. చెట్ల కింద వలలు పరుస్తారు. ఇద్దరు పొడవాటి కర్రలతో కొమ్మలను కొడుతుంటారు, ఇంకొకరు కొమ్మను పట్టి ఊపే యంత్రం నడుపుతారు. కాయలు వానలా రాలతాయి. వలను నాలుగు కొసలా పట్టి ట్రైలర్‌లోకి ఎత్తుతారు. గానుగల దగ్గరికి వచ్చేసరికి గాలిలో ఒక ఘాటైన, కాస్త పులిసిన పచ్చి వాసన. అప్పుడే తీసిన నూనె పచ్చగా ఉంటుంది, నాలుక మీద చేదు, గొంతులో మిరియం ఘాటు. ఉదయం ఏ పల్లె బార్‌లో ఆగినా కాల్చిన రొట్టె మీద తురిమిన టమాటా వేసి, దాని మీద ఆ నూనె ధారగా పోసి ఇస్తారు. సైకిల్ తొక్కేవాడికి అంతకన్నా మంచి ఫలహారం లేదు.

ఈ దారి మీది ఇనుప వంతెనలు ఈఫెల్ టవర్ కాలపు పనితనం. గువదహోస్ నది మీద 200 మీటర్లకు పైగా సాగే వంతెన హయేన్, కోర్డోబా జిల్లాల సరిహద్దు. దాటాక కొండకు అతుక్కున్న సూయెరోస్ అనే తెల్లటి ఊరు కనిపిస్తుంది. మేకపాల జున్నుకు పేరున్న ఊరు, పైకి ఎక్కడం కాస్త కష్టమే, అయినా ఎక్కండి.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెప్తాను. ఈశాన్యంలో ఓలోట్ అగ్నిపర్వతాల నుంచి జిరోనా మీదుగా సముద్రం ఒడ్డున సాన్ ఫెలియూ దాకా పాత నారోగేజ్ లైన్ల దారి సైకిల్‌కు కొత్తవాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు అన్నిటికన్నా తేలిక. ఉత్తరాన అస్టూరియాస్‌లో ‘ఎలుగుబంటి బాట’ ఉంది. 1989లో వేటగాడు తల్లిని చంపేస్తే అనాథలైన పాకా, తోలా అనే రెండు ఎలుగులు పెద్దయ్యాక ఆ దారి పక్కనే ఒక ఆవరణలో బతికాయి. నవార్రాలో ప్లసావోలా దారిలో రెండున్నర కిలోమీటర్లకు మించిన సొరంగం ఉంది.

ఎవరి దారి?

ఈ దారులు వెళ్లేది చాలా వరకు ఖాళీ అవుతున్న పల్లెల గుండా. తెరూయెల్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు పది మందికన్నా తక్కువ జనం. మా ఊళ్లు కూడా ఉన్నాయి, చూడండి అంటూ 1999లో అక్కడివాళ్లు ఉద్యమం కట్టారు, 2019లో ఆ ఉద్యమం పార్లమెంటు దిగువ సభలో ఒక సీటు గెలిచింది. సైకిల్ మీద వచ్చేవాడు కారులో దూసుకుపోయే యాత్రికుడి లాంటివాడు కాదు. రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు వెళ్తాడు, ఆకలేస్తే ఆగుతాడు, పొద్దుపోతే ఆ ఊళ్లోనే పడుకుంటాడు. మూతపడిన స్టేషన్‌లో టీ కొట్టు, రెండు గదుల లాడ్జి, సైకిళ్ల అద్దె దుకాణం పెట్టుకుని బతికే కుటుంబాలున్నాయి.

అయినా అందరూ దీన్ని మెచ్చుకోవడం లేదు. పశ్చిమాన ప్లసెన్సియా నుంచి అస్తోర్గా వెళ్లే ‘వెండి దారి’ రైలు 1985లో ఆగింది. దాన్ని మళ్లీ నడపమని అక్కడివాళ్లు ఇప్పటికీ అడుగుతున్నారు. పట్టాలు తీసి సైకిల్ బాట వేస్తే రైలు ఇక రాదని వాళ్ల భయం. ఆ భయంలో న్యాయం ఉంది. ఆసుపత్రికి, కాలేజీకి వెళ్లాల్సినవాళ్లకు సైకిల్ బాట రైలుకు బదులు కాదు. రైలు రాగలిగిన చోట రైలే రావాలి. ఇక రాదని ఖాయంగా తేలిన చోట ఆ నేలను ముళ్లకంపకు వదిలేయడం కన్నా బాట వేయడమే మంచిది. ఎలాగూ భూమి ప్రభుత్వం చేతుల్లోనే ఉంటుంది, రేపు ఎవరి మనసైనా మారితే పట్టాలు వేసుకోవచ్చు.

వెళ్లాలనుకునేవాళ్లకు

షెంగెన్ వీసా కావాలి. ఆండలూసియాకు ఏప్రిల్, మే, అక్టోబరు మంచి నెలలు. జూలై, ఆగస్టుల్లో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, దారి మీద నీడ తక్కువ. ఉత్తరాదికి జూన్ నుంచి సెప్టెంబరు బాగుంటుంది, వానకోటు మాత్రం మరవొద్దు. బాట చాలాచోట్ల దిమ్మిస కొట్టిన మట్టి, సన్న కంకర, అందుకని సన్న టైర్ల రేసు సైకిల్ పనికిరాదు. వాన పడ్డ మర్నాడు బంకమట్టి చక్రానికి చుట్టుకుంటుంది. తలకు కట్టుకునే లైటు, రెండు సీసాల నీళ్లు తప్పనిసరి. పల్లెల్లో మధ్యాహ్నం భోజనం రెండు గంటలకు మొదలవుతుంది, నాలుగు దాటితే రాత్రి ఎనిమిది దాకా వంటిల్లు మూత. శాకాహారులు కాస్త జాగ్రత్తగా ఉండాలి, కూరగాయల వంటకం అని చెప్పి పైన పంది మాంసపు ముక్కలు చల్లి తెస్తారు. ‘సిన్ హమోన్’, పంది మాంసం వద్దు అని ముందే చెప్పుకోవాలి. గుడ్డు తినేవాళ్లకు బంగాళాదుంప అట్టు ‘తోర్తియా’ ఎక్కడైనా దొరుకుతుంది. ఒల్వేరాకు రైలు లేదు, బస్సులో వెళ్లాలి. హయేన్‌కు, తెరూయెల్‌కు రైలు స్టేషన్లున్నాయి.

ఇక మన సంగతి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ బాట 2023లో తెరిచారు. మంచి పనే, కానీ అది నగరపు పెద్దరోడ్డు పక్కన. పల్లెల గుండా వెళ్లే బాట మనకింకా లేదు. గేజ్ మార్పిడి జరిగినప్పుడు చాలాచోట్ల పాత కట్ట మీదే కొత్త పట్టాలు వేశారు. కొన్నిచోట్ల మాత్రం పాత దారిని వదిలేసి కొత్త దారి వేశారు. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో బొగద, దొరబావి వంతెన మీదుగా వెళ్లిన మీటర్‌గేజ్ మార్గం అలాంటిదే. అది అడవి, పులులు తిరిగే చోటు, సైకిళ్లకు తెరవాలా వద్దా అన్నది అటవీ శాఖ తేల్చాలి. అయితే గేజ్ మార్పిడిలోనూ డబ్లింగ్‌లోనూ పక్కకు పడిపోయిన ముక్కలు, మూతపడ్డ స్టేషన్లు, వాడని చిన్న వంతెనలు ఊళ్ల పక్కన ఇంకెన్ని ఉన్నాయో ఒకచోట రాసిపెట్టాలి. 1993లో స్పెయిన్ బాటలు వేయడానికి ముందు చేసింది ఆ పనే. దక్షిణ మధ్య రైల్వే, రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు కలిసి కూర్చుని ఆ జాబితా తయారు చేయాలి. మీ ఊరి దగ్గర అలాంటి పాత కట్ట ఉంటే, అది ప్లాట్లుగా మారకముందే మీ పంచాయతీ దృష్టికి తీసుకెళ్లండి.